బటన్ నీడకు శిలాఫలకం

కళింగరేవు నగరపాలక సంస్థ వెబ్‌సైటుకు జబ్బు చేసిందన్న సంగతి ఊరందరికీ తెలుసు. ఏ జబ్బో తెలిసింది మాత్రం ప్రసూన ఒక్కతెకే. పేజీలూ బటన్లూ రంగులూ, అంటే జనానికి కనబడే ముఖమంతా చూసుకోవడం ఆమె ఉద్యోగం. ఉద్యోగం అనడం కూడా కాస్త పెద్ద మాటే. ఔట్‌సోర్సింగు.

ఆమెకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు తోచినట్టు కోడ్ రాసి, మంచి ఉద్యోగాలు దొరగ్గానే ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఒక ఫైలు పేరు 'కొత్తది'. దాని పక్కన 'అసలు కొత్తది'. దాని కింద 'ఇదే వాడాలి'. వెబ్‌సైటు వాడుతున్నది మాత్రం 'పాతది' అన్న ఫైలును. కుళాయి పన్ను పేజీలో ఒక అక్షరం దిద్దితే పెళ్ళిళ్ళ రిజిస్ట్రేషన్ పేజీలో వరుడి పేరు మాయమయ్యేది. ఎందుకు మాయమయ్యేదో చెప్పగలిగిన మనిషి ఇప్పుడు బెంగుళూరులో ఉన్నాడు, ఫోనెత్తడు.

ప్రసూన కొంతకాలం ఓపిక పట్టింది. తర్వాత ఒక నోటు రాసి కమిషనర్ చక్రపాణిగారి ముందు పెట్టింది. ఫైళ్ళకు అర్థమయ్యే పేర్లు పెట్టుకుందాం, పెద్ద కోడ్‌ను చిన్నచిన్న భాగాలుగా విడగొడదాం, వాడనిది తీసేద్దాం, ప్రతి భాగం నెత్తినా ఇది దేనికో రెండు ముక్కలు రాసి పెడదాం, రేపు వచ్చేవాళ్ళు మనల్ని తిట్టుకోకుండా ఉంటారు అని దాని సారాంశం.

చక్రపాణిగారు అప్పుడే ఏదో చల్లటి ఊళ్ళో సుపరిపాలన శిక్షణ పూర్తి చేసుకుని వచ్చారు. అక్కడ 'మెయింటెయినబిలిటీ', అంటే నిర్వహణ సౌలభ్యం, అన్న మాట నేర్చుకున్నారు. దాన్ని తడబడకుండా పలకడానికి చాలా శ్రమపడ్డారు గనుక వృథా పోనివ్వదలచుకోలేదు. వెంటనే సమావేశం పెట్టించారు.

"నెత్తిన రెండు ముక్కలు! అద్భుతమమ్మా. అంటే ఏ కట్టడం ఎవరు కట్టారో, ఎవరి హయాంలో కట్టారో తరతరాలకూ తెలియాలి. అంతేగా?"

"అంతే సార్. కాకపోతే ఎవరు కట్టారన్నదానికంటే దేనికి కట్టారన్నది..."

"అది తర్వాత చూసుకోవచ్చు. గరుడాచలంగారూ, మన సంస్థలో ఇలాంటి పద్ధతి ఇదివరకు ఏమైనా ఉందా?"

సూపరింటెండెంట్ గరుడాచలంగారు ఇంజినీరింగు విభాగంలో తలపండిన మనిషి. ఊళ్ళో ఏ మురుగు కాలువ మీద ఎవరి పేరు ఏ వరుసలో ఉందో ఆయనకు నోటికొచ్చు. కాలువ ఎటు పారుతుందని మాత్రం అడక్కూడదు.

"ఉందండి," అన్నారాయన నిలబడి. "శిలాఫలకం అంటామండి."

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. 'ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, నిర్వహణ సౌలభ్యమును దృష్టిలో ఉంచుకొని, వెబ్‌సైటు నందలి ప్రతి భాగమునకు శీర్షభాగమున విధిగా ఫలకము నెలకొల్పవలెను. ఫలకము నెలకొల్పిన భాగమును ఆవిష్కరణ జరుపనిదే ప్రజోపయోగమునకు విడుదల చేయరాదు. ఆవిష్కరింపబడిన ఫలకమును గాని, దాని కిందనున్న నిర్మాణమును గాని, ఎట్టి పరిస్థితులలోను తొలగించరాదు.'

చివరి వాక్యం ప్రసూన రెండోసారి చదువుకుంది. వాడనిది తీసేద్దామని ఆమె రాసిన మాటకు ఇది జవాబన్నమాట.

మొదటి ఫలకం నీళ్ళ ట్యాంకరు పేజీకి. ప్రసూన రాసింది ఇది: 'నీళ్ళ ట్యాంకరు బుక్ చేసే బటన్. తొందరలో రెండుసార్లు నొక్కినా ఒక్క బుకింగే వెళ్ళేలా చూడాలి.'

గరుడాచలంగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. "ఇందులో గౌరవనీయులు ఒక్కరూ లేరేమమ్మా?"

సాయంత్రానికి ఫలకం తయారైంది. 'నగర ప్రథమ పౌరురాలు, గౌరవనీయ మేయర్ శ్రీమతి కొల్లి అన్నపూర్ణేశ్వరి గారి అమృత హస్తములతో ఈ బటన్ ఆవిష్కరింపబడినది. సభాధ్యక్షులు, గౌరవనీయ డిప్యూటీ మేయర్ శ్రీ బొబ్బాది బంగార్రాజు గారు...' అని మొదలై, గౌరవ అతిథుల మీదుగా, ఆత్మీయ అతిథుల మీదుగా నడిచి, కమిషనర్ గారి పర్యవేక్షణ దగ్గర ఆగింది. రెండుసార్లు నొక్కితే ఏమవుతుందన్న వాక్యాన్ని స్థలాభావం వల్ల తీసేశారు.

ఆవిష్కరణ ఘనంగానే జరిగింది. కంప్యూటరుకు పసుపు కుంకుమ పెట్టారు. కీబోర్డుకు అడ్డంగా రిబ్బను కట్టారు. కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలన్న చర్చ వచ్చినప్పుడు ఎలక్ట్రీషియన్ ఒకాయన సర్వరు గది తలుపుకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. దేవుడు అప్పుడప్పుడు అలా కనిపిస్తూనే ఉంటాడు. మేయర్ గారు రిబ్బను కత్తిరించి, చూపుడు వేలితో ఎంటర్ నొక్కి, చప్పట్లు అయ్యాక అడిగారు.

"నా పేరేదండీ?"

"కోడ్‌లో ఉందమ్మగారూ," అన్నారు గరుడాచలంగారు.

"కోడ్ ఎవరికి కనబడుద్ది?"

అందరూ ప్రసూన వైపు చూశారు. "నాకండి," అందామె. "నా తర్వాత వచ్చేవాళ్ళకీ."

"మీ ఇద్దరి కోసం పట్టుచీర కట్టుకొచ్చానా?" అన్నారు మేయర్ గారు. అడగదగ్గ ప్రశ్నే.

ఆ వారంలోనే ఉత్తర్వుకు సవరణ వచ్చింది. ఫలకం లోపలే కాదు, పేజీ మీద కూడా జనానికి కనబడాలి. ఊరికే కనబడితే ఆవిష్కరణ అనిపించుకోదు గనుక, దాని మీద ఎర్ర పట్టుతెర వేలాడాలి. పేజీ తెరిచిన పౌరుడు పక్కనున్న కుచ్చుల తాడు లాగితే తెర తొలిగి ఫలకం కనబడుతుంది. ఫలకం చివరిదాకా చదివాక పని చూసుకోవచ్చు. 'పౌరులను ఆవిష్కరణలో భాగస్వాములను చేయుట' అని దీనికి పేరు పెట్టారు.

ఇంతవరకైతే ఎలాగో సర్దుకోవచ్చు. ప్రసూన నోటులో ఉన్న ఇంకో మాట మీద కమిషనర్ గారి కన్ను అప్పుడు పడింది.

"చిన్నచిన్న భాగాలుగా విడగొట్టాలన్నావు కదమ్మా. ఒక్కో భాగానికీ ఒక్కో ఫలకం. అంటే ఎన్ని భాగాలు చేస్తే అన్ని ఆవిష్కరణలు!"

"ఆ ఉద్దేశంతో కాదండి. మార్చడం సులువవుతుందని..."

"ఉద్దేశం నీది, ఫలితం నగరానిది," అన్నారాయన ప్రేమగా.

అప్పట్నుంచి విడగొట్టడం మొదలైంది. బటన్ వేరు, దాని అంచు వేరు, దాని మీది అక్షరాలు వేరు, నొక్కినప్పుడు కింద పడే సన్నటి నీడ వేరు. బటన్ మేయర్ గారిది. నీడ డిప్యూటీ మేయర్ గారికి దక్కింది. బంగార్రాజుగారు మూడు ఆటోల జనంతో, బ్యాండుతో వచ్చి నీడను ఆవిష్కరించి వెళ్ళారు. మూడో రోజున తిరిగొచ్చారు.

"ఏటమ్మా, మా బావమరిది ఫోన్లో నా నీడ అగుపించట్లేదంట?"

"పాత ఫోన్లలో నీడలు రావండి."

"ఆవిడ బటనుకి మాత్రం ఏ ఫోనూ అడ్డం రాదేం?"

దానికి విచారణ కమిటీ వేశారు. కమిటీ నీడను బటన్ కంటే పెద్దది చేయమని సిఫారసు చేసింది. చేశారు. మేయర్ గారు అలిగారు. బటన్ పెంచారు. ఇలా రెండు విడతలు పెరిగేసరికి తెరా, తాడూ, ఫలకమూ, నీడా పేజీనంతా ఆక్రమించుకున్నాయి. ట్యాంకరు ఏ వీధికి కావాలో రాసే గడి ఎక్కడో అడుగున, పెళ్ళిపందిట్లో పేదబంధువులా, నక్కి కూర్చుంది.

పైడమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే. మెట్లకొండ వీధి నుంచి ఎండునెత్తళ్ళ చేపల గంప మోసుకుని బజారుకు దిగి పోతూ, దారిలో గంపతో సహా ఆఫీసులోకి వచ్చేసింది. వాసనకు గరుడాచలంగారు కిటికీ తెరిచారు. ఆ గదిలో ఆ కిటికీ తెరుచుకుంటుందని ఎవరికీ తెలియదు. చల్లటి గాలి వచ్చింది.

"నీల్ల బండి కాడ కూకునే అమ్మవి నువ్వేనా?" అంది ప్రసూనతో. "ఏటమ్మా ఈ ఇసిత్రం? ఫోన్లో ఎర్రగుడ్డ ఏలాడతంది. ఎంత లాగినా పైకెల్లదు. మా ఈదిలో అందరం ఒకల తరవాత ఒకలం లాగినాం. మా మరిదైతే ఏలు నొప్పని పనికెల్లనేదు."

"ఏదీ, ఫోను చూడనీ మామ్మా."

అరచేతిలో సగం కూడా లేని ఫోను. తెర నిండా తెరే. లాగాల్సిన తాడు అంచు దాటి ఎక్కడో బయట ఉంది. ప్రసూన ఎన్ని రకాలుగా లాగినా కుచ్చు కొస కూడా అందలేదు.

మెట్లకొండ మీదికి గొట్టాలు ఎక్కవు. ట్యాంకరే వెళ్ళాలి. ఇదివరకు ఫోను చేస్తే వెళ్ళేది. వెబ్‌సైటు వచ్చాక, పారదర్శకత కోసం, బుకింగ్ లేని ట్యాంకరు గేటు దాటకూడదని రూలు పెట్టారు. బుకింగ్ లేకుండానే ఒక డ్రైవరు దారి తప్పినట్టు నటిస్తూ కొండెక్కి నీళ్ళు పోసి వచ్చాడు. అతనికి మెమో ఇచ్చారు.

"మరి నీళ్ళెలా మామ్మా?"

"కిందికి దిగి బిందెలు మోస్తన్నాం. నాకు పరవానేదు, నాను గంపలు మోసినదాన్ని. కడుపుతో ఉన్న ఆడపిల్లలు ఇద్దరున్నారమ్మా మా ఈదిలో. ఆల్లు మెట్లెక్కుతుంటే నాకు సూడబుద్దవదు."

ప్రసూన ఆమెకు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చింది. పైడమ్మ సగం తాగి, మిగిలింది పారబొయ్యకుండా గ్లాసు పక్కన పెట్టుకుంది. అది చూశాక ప్రసూనకు ఆగాలనిపించలేదు. కోడ్ తెరిచింది. తెరను వేలాడదీస్తున్నది ఒకే ఒక్క వరుస. దాన్ని చెరిపేస్తే చాలు. అయితే మార్పు జనంలోకి వెళ్ళాలంటే గరుడాచలంగారు అనుమతించాలి.

"తెర తీసేస్తావా?" ఆయన ముఖం పాలిపోయింది. "అమ్మా, నువ్వు చదువుకున్నదానివి. ఫలకం తొలగింపు ఎంత నేరమో నీకు తెలీదా?"

"నీళ్ళు అందట్లేదండీ జనానికి."

"ఫలకం అందుతోందిగా?"

"సార్, ఒక్క వరుస."

ఆయన చెడ్డవాడు కాదు. కాసేపు పైకప్పు వైపు చూసి దారి చెప్పారు. "తొలగించరాదన్నారు గాని, తొలగింపును ఆవిష్కరించరాదని ఎక్కడా అనలేదు. తొలగింపునకు కూడా ఒక కార్యక్రమం పెట్టించుకో. ఎవరూ కాదనరు."

నిజంగానే ఎవరూ కాదనలేదు. మంచి రోజు చూసి, మేయర్ గారు ఆ ఒక్క వరుసను తమ అమృత హస్తాలతో చెరిపారు. ఈసారి చప్పట్లలో ప్రసూన చప్పట్లు నిజమైనవి. తెర పోయింది. పోయిన చోట, నిబంధన ప్రకారం, 'తెర తొలగింపు కార్యక్రమ' శిలాఫలకం వెలిసింది. పాతదానికంటే పొడుగు. దాని మీద, ఆవిష్కరణ కోసం, కొత్త తెర.

మర్నాడు పైడమ్మ మళ్ళీ వచ్చింది. "అమ్మా, ఇప్పుడు పచ్చగుడ్డ ఏలాడతంది," అని మాత్రం చెప్పి, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ప్రసూనకు.

ఆ దిగులులో ఉండగానే ఒకాయన వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. గడ్డం పెరిగింది, కళ్ళు వాచి ఉన్నాయి.

"మా నాన్నగారు పోయారమ్మా, మొన్న. వైకుంఠ రథం కోసం మీ వెబ్‌సైటు తెరిచాను. ఇట్టే తెరుచుకుంది. బండి కూడా తొందరగానే వచ్చింది. ఆ సమయంలో ఎవరి కాళ్ళూ పట్టుకోవాల్సిన పని లేకపోయింది. చెప్పిపోదామని వచ్చాను."

ఆ బల్ల దగ్గరికి వచ్చి ఎవరైనా అలా మాట్లాడడం ప్రసూన ఎరగదు. ఎగతాళేమోనని ముఖంలోకి చూసింది. కాదు. ఆయన నమస్కారం పెట్టి వెళ్ళాక ఆ పేజీ తెరిచింది. తెల్లటి పేజీ. పేరు, చిరునామా, ఫోను నంబరు, ఒక బటన్. తెర లేదు, తాడు లేదు, ఫలకం లేదు. బటన్ కింద నీడ ఉంది, ఎంతుండాలో అంతే.

"సార్, వైకుంఠ రథం పేజీకి ఫలకం పెట్టలేదేమండీ?"

గరుడాచలంగారు రెండు చెవులూ మూసుకున్నారు. "శివ శివా! 'మేయర్ గారి అమృత హస్తములతో' అని శవాల బండి మీద రాయమంటావా? అది అసలు నా జాబితాలోనే లేదు. దాని పేరు కూడా నా దగ్గర ఎత్తకు, పొద్దున్నే."

జాబితాలో లేదు. ఫలకం లేని భాగానికి ఆవిష్కరణ లేదు, ఆవిష్కరణ లేనిదానికి అనుమతీ అక్కర్లేదు. ఉత్తర్వు ఇంకోసారి చదువుకుని, ప్రసూన మధ్యాహ్నం టిఫిను డబ్బా తెరవకుండానే పని పూర్తి చేసింది. ఆ పేజీలో 'ఏ వాహనం కావాలి?' అని ఒక గడి చేర్చింది. దానిలో రెండే రెండు జవాబులు. వైకుంఠ రథం. నీళ్ళ ట్యాంకరు.

సాయంత్రం బజారులో పైడమ్మను వెతుక్కుంటూ వెళ్ళి ఎలా నొక్కాలో చూపించింది. పైడమ్మ పేజీ పైనున్న పూలదండల బండి బొమ్మ చూసి ఫోను దూరంగా పెట్టుకుంది.

"ఓలమ్మో! నీల్లకి నొక్కితే ఈ బండొచ్చేస్తే?"

"రాదు మామ్మా. రెండో గీత నొక్కు."

"వచ్చినా రానీలే," అంది పైడమ్మ కాస్త ఆలోచించి. "మా అత్త తన్నెక్కించి పంపీమని నాలుగేల్ల నుంచి అడగతన్నాది. దానికీ ఓ తీరిక దొరుకుతాది."

మర్నాడు తెల్లవారేసరికి ట్యాంకరు కొండెక్కింది. మెమో తిన్న డ్రైవరే తీసుకెళ్ళాడు, హారను కొట్టుకుంటూ. పైడమ్మ ఆఫీసుకు రాలేదు. రాకపోవడమంత మంచి కబురు ఇంకోటి లేదు.

ఒక వీధి నుంచి ఇంకో వీధికి మాట పాకింది. నెల తిరిగేసరికి ఊళ్ళో సగం జనం నీళ్ళ కోసం వైకుంఠ రథం తలుపే తడుతున్నారు. గొడవ అక్కడ మొదలైంది. మెట్లకొండలో ఇంటింటి నుంచీ వైకుంఠ రథం పేజీకి అర్జీలు వెళ్తున్నాయని కంప్యూటరు చెప్పేసరికి, ఆరోగ్యాధికారి బెదిరిపోయి మూతికి గుడ్డలు కట్టించి ఒక బృందాన్ని పంపారు. 'మృతులందరూ ఆరోగ్యంగా ఉన్నారు. మేము వెళ్ళినప్పుడు బట్టలు ఉతుక్కుంటున్నారు' అని బృందం నివేదిక ఇచ్చింది.

అదే సమయానికి రాజధాని నుంచి నిపుణులొచ్చి వెబ్‌సైటునంతా పరీక్షించి పోయారు. వాళ్ళ ఉత్తరం పట్టుకుని చక్రపాణిగారు అందర్నీ పిలిపించారు. ప్రసూన ముందే లెక్క వేసుకుంది. గడి తీసేయమంటారు. లేదా ఇంటికి పొమ్మంటారు. తన ఉద్యోగం సంగతి ఎలా ఉన్నా, కొండ మీదికి మళ్ళీ బిందెలు ఎక్కాలి.

"విన్నారా!" కమిషనర్ గారి ముఖం వెలిగిపోతోంది. "'ఈ సంస్థలో నిర్వహణకు అనువైన కోడ్ ఒకే ఒక్క పేజీలో ఉంది. మార్చడం సులువు, చదవడం సులువు, పాత ఫోన్లలోనూ తెరుచుకుంటుంది.' ఎవరమ్మా రాసింది?"

"నేనేనండి. కొత్తగా రాసిందేమీ లేదు, అడ్డం పెట్టకుండా ఊరుకున్నానంతే."

"అలాంటి పేజీకి ఫలకం లేకపోవడమేమిటి? గరుడాచలంగారూ! భారీగా చేద్దాం. తెర, తాడు, దీపాలు, అన్నీ పెట్టండి."

ఏ పేజీయో చెప్పలేక, గరుడాచలంగారు ఫోను తెరిచి బల్ల మీద పెట్టారు. పూలదండల బండి అందరి వైపూ చూసింది.

మొదట గొంతు సవరించుకున్నది మేయర్ గారు. "ప్రతిదానికీ నా పేరేనా అండీ? జనం ఏమనుకుంటారు? తమ్ముడు బంగార్రాజుకు ఎన్నాళ్ళ నుంచో మొదటి స్థానం మీద ఆశ. ఇచ్చేస్తున్నాను."

"అబ్బెబ్బే," అన్నారు బంగార్రాజుగారు కుర్చీ వెనక్కి జరుపుకుంటూ. "అక్కగారి ఎనక నడిచేవాడినే గాని ముందెళ్ళేవాడిని కానండి నేను. అందులో ఈ దారిన అస్సలెల్లను."

గౌరవ అతిథులకు ఫోన్లు చేశారు. అందరూ గౌరవాన్ని వదులుకున్నారు. ఆత్మీయులు ఫోనే ఎత్తలేదు.

"నిబంధన ప్రకారం," అన్నారు గరుడాచలంగారు మెల్లగా, "ప్రజాప్రతినిధులు అందుబాటులో లేనప్పుడు కమిషనర్ గారి పేరొక్కటీ వేయవచ్చండి."

చక్రపాణిగారు బండి బొమ్మ చూశారు. "మీరు ఇన్నేళ్ళు ఎందరివో పేర్లు చెక్కించారు గరుడాచలంగారూ. ఒక్కదాని మీదన్నా మీ పేరు..."

"సార్, వచ్చే నెల రిటైర్మెంటు. క్షేమంగా ఇంటికి పోనివ్వండి."

చక్రపాణిగారు ఫైలు దగ్గరికి లాక్కుని, 'సదరు పేజీ ఫలకము నుండి శాశ్వతముగా మినహాయింపబడినది' అని రాసి సంతకం పెట్టి, పెన్ను మూత గట్టిగా బిగించారు.

"అయితే సార్," అంది ప్రసూన, "ఆ పేజీలో ఇకముందు నేనేం చేర్చినా, ఏం తీసేసినా, ఆవిష్కరణ అక్కర్లేదు కదండీ?"

"నీకు పుణ్యముంటుంది తల్లీ. మాకు చెప్పకుండానే చేసుకో."

ప్రసూన ఆ మాట కోసమే ఈ ఊళ్ళో అందరికంటే ఎక్కువ రోజులు ఎదురుచూసింది. కుర్చీలోకి వచ్చి కూర్చుని, ముందుగా ఆ ఫైలుకు అర్థమయ్యే పేరు పెట్టింది. నెత్తిన తర్వాత వచ్చేవాళ్ళ కోసం రెండు ముక్కలు రాసింది. ఆ తర్వాత కుళాయి పన్ను తెచ్చి అక్కడ పెట్టింది. వీధి దీపాలు తెచ్చింది. పెళ్ళిళ్ళ రిజిస్ట్రేషన్ తెచ్చింది, వరుడి పేరుతో సహా.

మెట్లకొండలో కడుపుతో ఉన్న ఇద్దరిలో ఒకామెకు ఆ వారమే ఆడపిల్ల పుట్టింది. తండ్రి చిన్న ఫోనులో వైకుంఠ రథం పేజీ తెరిచి, 'జననం' అన్న గీత నొక్కాడు. పిల్ల ఏడుపు ఆపేలోగా ధ్రువపత్రం వచ్చేసింది.